పాత పికప్‌కు కొత్త ఇంజిన్ మౌంటింగ్‌లు: ఆరు నెలల వాడకం తరువాత

ఇరవై ఏళ్లు దాటిన నా పికప్ ట్రక్కుకు మూడు మౌంటింగ్ రబ్బర్ల (ఇంజిన్‌ను రెండు పక్కలా, గేర్‌బాక్స్‌ను ఒకచోట ఛాసీకి పట్టి ఉంచుతూ వణుకును మింగే దిమ్మల) సెట్టు ఒకటి తెప్పించి, స్వయంగా బిగించుకొని, ఆరు నెలలు నడిపాక ఈ సమీక్ష రాస్తున్నాను. బిగించిన మరునాడే రాయడానికి కూర్చుని ఉంటే ఇది ఉత్త పొగడ్తగా మిగిలేది. చిరిగిన రబ్బరు స్థానంలో ఏ కొత్త రబ్బరు పెట్టినా మొదటి వారం బండి హాయిగానే ఉంటుంది. సరుకులోని సత్తా బయటపడేది అది వేడికీ బరువుకూ నలిగిన తరువాతే.

పాతవి పోయాయని గుర్తించడానికి నాకు చాలా కాలమే పట్టింది. బండి నిలబడి ఉండగా స్టీరింగ్ వణకడం, మొదటి గేరులో క్లచ్ వదలగానే కింద నుంచి దడ్‌మని ఒక దెబ్బ వినిపించడం, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా గేరు రాడ్డు పక్కకు ఒరగడం వంటివన్నీ వయసు మీద పడ్డ బండి లక్షణాలేనని సరిపెట్టుకున్నాను. చివరికి ఒక రోజు ఫ్యాను రెక్కలు తమ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును గీరిన చప్పుడు విని బానెట్ ఎత్తాను. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, మా తమ్ముణ్ని సీట్లో కూర్చోబెట్టి, ఫుట్ బ్రేకు మీది కాలు తీయకుండా క్లచ్‌ను కొద్దికొద్దిగా వదలమన్నాను. ఎదురుగా కాక పక్కన నిలబడి చూస్తే, ఇంజిన్ ఎడమ వైపు రెండు వేళ్ల మందాన పైకి లేచి మళ్లీ కూర్చుంటోంది. చాలా ఇంజిన్‌లు ముందు నుంచి చూసినప్పుడు గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి గనుక, ఇంజిన్‌ను బండి పొడవు వెంబడి అమర్చిన బండి ముందుకు సాగేటప్పుడు ఎడమ మౌంటింగ్‌పై లాగుడు, కుడి మౌంటింగ్‌పై నొక్కుడు పడతాయి. అనుమానించవలసి వస్తే ముందుగా ఎడమదాన్నే అనుమానించాలి.

ఇది వణుకుతో ఆగిపోయే వ్యవహారం కాదు. మౌంటింగ్ తెగితే ఇంజిన్ పైకి లేచి యాక్సిలరేటర్ లింకును (పెడల్‌ను ఇంజిన్‌కు కలిపే భాగాన్ని) లాగిపట్టే ప్రమాదం ఉందన్న కారణంతో 1971లో జనరల్ మోటార్స్ సంస్థ దాదాపు 67 లక్షల షెవర్లే వాహనాలను వెనక్కి పిలిచింది. వాటిలో తేలికపాటి ట్రక్కులూ ఉన్నాయి. అప్పుడు చేసిన మరమ్మతు, రబ్బరు తెగినా ఇంజిన్ ఎగరకుండా దాన్ని ఉక్కు తీగతో కట్టి ఉంచడం. నేను ఈ సెట్టును ఎంచుకోవడానికి మొదటి కారణం కూడా అటువంటిదే. దీనిలోని ఇంజిన్ మౌంటింగ్‌లు రెండింటిలోనూ పై రేకు, కింది రేకు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉండేలా తయారయ్యాయి కాబట్టి, రబ్బరు పూర్తిగా చిరిగినా ఇంజిన్ ఊడి లేచే వీలు లేదు. కేవలం రబ్బరు అతుకు మీదనే ఆధారపడే రకాలు ఇంతకంటే చవకగా దొరుకుతాయి. పాత బండికి నేనైతే వాటిని వేయను.

బరువులు మోసే బండికి పాలీయూరిథేన్ (రబ్బరు కంటే గట్టిగా ఉండే ఒక ప్లాస్టిక్) మౌంటింగ్‌లు వేసుకోమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. అవి నూనెకు ఓర్చుకుంటాయి, ఇంజిన్‌ను పెద్దగా కదలనివ్వవు. ఆ కదలనివ్వకపోవడమే చిక్కు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. ఆ 25 తాకిళ్లనూ మింగవలసిన వస్తువే బిర్రుగా ఉంటే, అవి ఛాసీ మీదుగా సీట్లోకీ అద్దాల్లోకీ పాకుతాయి. పందేలకు పోని బండికి మామూలు రబ్బరే మేలని నా అభిప్రాయం.

ఇక బిగింపు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్ కింద నేరుగా జాకీ పెడితే పలుచని రేకు సొట్టపోయి లోపలి ఆయిల్ పంపు గొట్టాన్ని తాకవచ్చు. అందుకని వెడల్పాటి చెక్క దిమ్మను మధ్యలో పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఫ్యాను తొడుగు విప్పి, గొట్టాలూ వైర్లూ బిగుసుకోకుండా చూసుకుంటూ ఇంజిన్‌ను అవసరమైనంత మేరకే ఎత్తాను. బండిని మాత్రం జాకీ మీద కాక స్టాండ్ల మీదనే నిలబెట్టాను. కుడి, ఎడమ మౌంటింగ్‌లు ఇబ్బంది లేకుండా కూర్చున్నాయి. వాటి మీది చిన్న పిన్ను బ్రాకెట్ రంధ్రంలో సరిగ్గా దిగింది. గేర్‌బాక్స్ మౌంటింగ్ మాత్రం విసిగించింది. దాని బోల్టు రంధ్రం దాదాపు మిల్లీమీటరు పక్కకు ఉండడంతో, సరుకు తిరిగి పంపే ఓపిక లేక ఆకురాయితో అరగదీసి బిగించుకున్నాను. కొలత తప్పిన వస్తువును పెట్టెలో పెట్టి అమ్మడం క్షమించదగినది కాదు. సెట్టుతో కొత్త బోల్టులు ఇవ్వలేదు. ఏ బోల్టును ఎంత బిగించాలో కాగితంలో చెప్పలేదు, కాబట్టి ఆ అంకెలను బండి సర్వీసు పుస్తకంలో చూసుకోవలసి వచ్చింది. ఇంజిన్ బరువంతా రబ్బర్ల మీదికి దిగి, ఒకసారి స్టార్టు చేసి ఆపిన తరువాతే బోల్టులను చివరిగా బిగించాలన్న మాట కూడా ఆ కాగితంలో లేదు. ముందే బిగించేస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి, కొత్తది కూడా వణుకు పుట్టిస్తుంది.

ఫలితం విషయంలో నాకు అసంతృప్తి లేదు. క్లచ్ వదిలినప్పటి దెబ్బ పూర్తిగా పోయింది, గేరు రాడ్డు నిలకడగా ఉంది, స్టీరింగ్ వణుకు చేతికి తెలియనంతగా తగ్గింది. రెండు మాత్రమే మార్చి మూడోదాన్ని వదిలేసినవారికి ఈ ఫలితం దక్కదు. మెత్తబడిన పాత గేర్‌బాక్స్ రబ్బరు కొత్తవాటి మీద అదనపు మెలిక వేస్తుంది. ఆరు నెలల తరువాత టార్చి వేసి చూస్తే ఎడమ రబ్బరు అంచు ఉక్కు నుంచి ఎక్కడా విడిపోలేదు, బీట కూడా లేదు. కుడిదాని పైభాగంలో మాత్రం జిడ్డు కనిపించింది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ నుంచి ఆయిల్ చుక్కలుగా జారి సరిగ్గా దాని మీదే పడుతోంది. సహజ రబ్బరుకు ఇంజిన్ ఆయిల్ పడదు. ఉబ్బి, మెత్తబడి, చివరికి పొరలుగా ఊడుతుంది. కుడి వైపు పాతది పోవడానికి కూడా ఆ చుక్కలే కారణమై ఉంటాయని, తీసేటప్పుడు చేతికంటిన నల్లటి బంకను బట్టి అప్పుడే గ్రహించవలసింది. ప్యాకింగ్ మార్చడం మౌంటింగ్ బిగించడానికి ముందు చేయవలసిన పని. నేను ఆరు నెలలు ఆలస్యంగా, పోయిన వారమే చేశాను.