అంబాసిడర్‌లో ఎమ్‌జీబీ కామ్‌షాఫ్ట్: ఆరేళ్లు నడిపాక

నాన్న కొన్న 1984 మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్ ఇంకా మా హన్మకొండ ఇంట్లోనే ఉంది. 2019లో ఇంజన్ దించితే, వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ మీద రెండు లోబ్‌లు (వాల్వును నెట్టే ఉబ్బెత్తులు) అరిగి గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. పాతదే గ్రైండింగ్ చేయించుకుంటే సరిపోయేది. కానీ నాకు ఎమ్‌జీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల పిచ్చి. బయటి నుంచి వాటిలో ఒకటైన ఎమ్‌జీబీ కామ్ తెప్పించి వేయించాను. అప్పటి నుంచి 31 వేల కిలోమీటర్లు తిరిగాను.

ఈ రెండు కార్లకూ చుట్టరికం ఉంది. మన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ బీఎమ్‌సీ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల బీ-సిరీస్. 1955లో వచ్చిన ఎమ్‌జీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనూ అదే. 1962లో వచ్చిన ఎమ్‌జీబీకి దాన్నే 1798 సీసీకి పెంచారు. 1964 చివర్లో ఐదు బేరింగుల క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రాకముందు ఎమ్‌జీబీకి వాడిన రకం కామ్ నాది. నా బ్లాకులో సాఫీగా కూర్చుంది. 1800 ఇసుజు ఇంజన్ ఉన్న అంబాసిడర్ వాళ్లకు ఇది పనికిరాదు, దాని కామ్ హెడ్‌లో ఉంటుంది.

లోబ్‌ల మీద ఆనే టాపెట్లు ఎనిమిదీ కొత్తవి వేయించాను. పాత టాపెట్ల మీద కొత్త కామ్ తిప్పితే లోబ్‌లు త్వరగా పోతాయి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడ్లింగ్‌లో వదలకుండా ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచాం. ఆటోనగర్‌లో చుట్టుపక్కల షెడ్ల వాళ్లంతా వచ్చి చూశారు.

హైవే మీద బాగుంటుంది, అందులో అనుమానం లేదు. ఇదివరకు జనగామ దాటాక 80 పట్టుకుంటే ఇంజన్ మూలిగేది. ఇప్పుడు ఆలేరు దాకా 90లో హాయిగా పోతుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు పైన ఇంకా దమ్ము మిగిలినట్టు ఉంటుంది.

ఊళ్లోకి వస్తే కథ వేరు. ఎమ్‌జీబీ కామ్ ఇన్‌లెట్ వాల్వును పిస్టన్ పైకి చేరడానికి, క్రాంక్ తిరుగుడు లెక్కలో, 16 డిగ్రీల ముందే తెరిచి, కిందికి వెళ్లి 56 డిగ్రీలు దాటాక మూస్తుంది. ఎగ్జాస్ట్ మూసుకునేది 21 డిగ్రీలు దాటాక. అంటే 37 డిగ్రీల పాటు రెండూ తెరిచే ఉంటాయి. వేగంగా తిరిగేటప్పుడు అది లాభమే. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం లోపలికి పీల్చిన గాలి, పెట్రోల్ కొంత వెనక్కే వస్తాయి. ఐడ్లింగ్ 900కు పెంచినా బండి వణుకుతుంది. మా మెకానిక్ మొదటి రోజు చౌరస్తా దాకా నడిపి వచ్చి, "థర్డ్ గేర్ల మూల తిరిగే బండి సార్ ఇది. ఇప్పుడు సెకండ్ అడుగుతుంది" అన్నాడు. ఆరేళ్లయినా అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. మైలేజీ కూడా 11 నుంచి 9కి పడింది.

2022 మేడారం జాతరకు ఇదే బండిలో పోయాం. పస్రా దాటాక రెండు గంటలు నత్తనడక. క్లచ్ మీద కాలు తీస్తే ఆగిపోవడం, మళ్లీ స్టార్ట్ చేయడం. చివరికి వెనక డీసీఎంలో వచ్చినవాళ్లే దిగి నెట్టారు. మా అమ్మ దారంతా నాన్న బండిని నేను పాడుచేశానంటూనే ఉంది.

తప్పు కామ్‌ది కాదు. ఇదే 1489 సీసీ ఇంజన్ ఉన్న ఎమ్‌జీఏ బరువు 900 కిలోల దగ్గర, రెండు కార్బురేటర్లు, 72 హార్స్‌పవర్. మనది 1100 కిలోలు పైనే, ఒకటే కార్బురేటర్, 50 దగ్గర. ఊపిరి అందని ఇంజన్‌కు కామ్ ఒక్కటే మారిస్తే వచ్చేది సగం ఫలితం, పోయేది కింది పికప్ మొత్తం.

ఒక మేలు మాత్రం అనుకోకుండా జరిగింది. నాకు వచ్చిన కామ్‌కు పెట్రోల్ పంపును ఆడించే లోబ్ లేదు. ఎమ్‌జీల్లో పంపు కరెంటుది, వెనక ఉంటుంది. ఇంజన్ మీది పంపు తీసి అక్కడ ప్లేటు బిగించి, నేనూ ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టాను. మొదట పెట్టింది ఇంజెక్షన్ బండి పంపు. ఆ ఒత్తిడికి కార్బురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే నీడిల్ ఆగక పెట్రోల్ పొంగి వేడి మానిఫోల్డ్ మీద పడింది. అంటుకోలేదు, అదృష్టం. తక్కువ ప్రెషర్‌దే తీసుకోండి, ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో కలపండి. పంపు ఇంజన్ వేడికి దూరంగా వెనక్కి పోయాక, ఎండాకాలంలో దాన్ని చల్లబరచడానికి తడిగుడ్డ వేసే అవసరమే రాలేదు. మే నెలలో కూడా కాజీపేట బ్రిడ్జి మీద బండి ఆగలేదు.

పాత కామ్ గ్రీజు పూసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. మళ్లీ ఇంజన్ దించితే దాన్నే గ్రైండింగ్ చేయించి వేయిస్తాను. పంపు మాత్రం వెనకే ఉంటుంది.