మేడ గదిలో గోదావరి రైలు: హెచ్‌ఓ మేలా, ఎన్ మేలా?

మేడ మీద గది ఖాళీ అయిందో లేదో మా బావమరిది మొదలెట్టాడు: "అందులో బొమ్మ రైలు పెట్టి, మన రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి కట్టేద్దాం బావా!" నిడదవోలు జంక్షన్ పక్కన పెరిగినవాడు, రైలంటే ప్రాణం. నేను టేపు తీశాను.

ఆ వంతెనకి 28 ఆర్చిలు, ఒక్కోటి సుమారు 97 మీటర్లు. ఈ మోడల్ రైళ్లలో హెచ్‌ఓ, ఎన్ అని సైజులుంటాయి. హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు. అందులో ఒక్క ఆర్చే నా చంక దాకా వస్తుంది, 112 సెంటీమీటర్లు. మా పద్నాలుగు అడుగుల గదిలో మూడు పడతాయి. ఎన్ అంటే 160వ వంతు, ఆర్చి 61 సెంటీమీటర్లు, కాబట్టి ఆరు పడతాయి. బండి పొడవూ అంతే. ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకి తగిలించే ఎల్‌హెచ్‌బీ రకం బోగీ హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లుంటే, ఎన్‌లో 15కి కాస్త తక్కువే. పద్దెనిమిది బోగీల ఎక్స్‌ప్రెస్ గదిలో కనబడాలంటే ఎన్ ఒక్కటే దారి.

పట్టాల వెడల్పు మాత్రం రెండింట్లోనూ మనకి సరిపోదు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ 16.5, ఎన్ 9 మిల్లీమీటర్ల పట్టాలు రెండూ విదేశీ 1435 గేజికి లెక్క. తెలిసినవాడి కంటికే కనబడుతుందిలెండి.

డబ్బు సంగతి వచ్చేసరికి నేను హెచ్‌ఓ వైపే. ప్రపంచంలో ఎక్కువమంది ఆడేది అదే. మన ఇంజన్లు, బోగీలు చేసే చిన్న తయారీదారులూ ఎక్కువగా అందులోనే చేస్తారు. రేపు విసుగొచ్చి అమ్ముకున్నా కొనేవాడు దొరుకుతాడు. ఎన్‌లో మన బండి కావాలంటే చాలావరకు త్రీడీ ప్రింట్ చేయించుకుని, రంగులు మనమే వేసుకోవాలి. దానికి తోడు ఎన్ ఇంజన్ తేలిక, పట్టా మీద కాస్త మురికి పేరుకున్నా ఆగిపోతుంది. ఈ కాలవగట్టు చెమ్మలో పట్టాలు తుడుస్తూ కూర్చోవాల్సిందే.

రెండింటికీ మధ్యన టీటీ అనే సైజు ఉంది, 120వ వంతు. బ్రిటన్ మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ 2022లో దాన్ని ఎత్తుకుంది కానీ, వాళ్లు చేసేవి ఎక్కువగా బ్రిటిష్ బళ్లు. మనకి ఇప్పుడే తొందర లేదు.

"అయితే బ్రిడ్జి లేనట్టేనా?" అని మొహం వేలాడేశాడు.

కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకే పెట్టెతో రైల్ బస్సు తిరిగేది గుర్తుందా అన్నాను. ఒక పెట్టె, ఒక చిన్న ప్లాట్‌ఫారం, చుట్టూ కొబ్బరి చెట్లు, వరి చేలు. హెచ్‌ఓలో అది గోడవారన ఒక్క బల్ల మీద సరిపోతుంది.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతిలో టేపు లాక్కుని గోడ కొలవడం మొదలెట్టాడు.