పీడీ యాక్టు పనితీరు: 5కి 2

బెయిలు మీద బయటికొచ్చిన చైన్ స్నాచర్ వారం తిరక్కుండా మళ్లీ గొలుసు తెంపుతాడు. కాలనీవాళ్లకు చార్జిషీటు, వాయిదాలతో పని లేదు, వాడు కొన్నాళ్లు లోపల ఉంటే చాలు. ఆ పని కోసమే 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పీడీ యాక్టు (ప్రివెంటివ్ డిటెన్షన్, అంటే మళ్లీ నేరం చేయకుండా విచారణ లేకుండానే ముందుగా నిర్బంధించే చట్టం) తెచ్చారు. మొదట్లో దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, మత్తుమందుల ముఠాలు, వ్యభిచార వ్యాపారం చేసేవాళ్లు, భూకబ్జాదారులే దీని కిందికి వచ్చేవారు. 2018లో తెలంగాణ ఆ జాబితాలోకి నకిలీ విత్తనాలు, ఆహార కల్తీ, లైంగిక నేరాలు, సైబర్ మోసాలను కూడా చేర్చింది.

కలెక్టరో పోలీస్ కమిషనరో సంతకం పెడితే డిటెన్షన్ (నిర్బంధ) ఆర్డర్ సిద్ధం, జడ్జితో పనిలేదు. 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించకపోతే అది చెల్లదు. లోపల వేసిన 5 రోజుల్లోగా కారణాలు డిటెన్యూ (నిర్బంధంలో ఉన్న వ్యక్తి) చేతికి అందాలి. 3 వారాల్లో ఫైలు అడ్వైజరీ బోర్డు (నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా మండలి) ముందుకు వెళ్లాలి, 7 వారాల్లోగా బోర్డు అభిప్రాయం చెప్పాలి. ఈ రెండు గడువులూ నిర్బంధం మొదలైన రోజు నుంచే లెక్క. తగిన కారణం లేదని బోర్డు అంటే వదిలేయాల్సిందే, ఉందంటే మొత్తం 12 నెలల దాకా ఉంచవచ్చు. బోర్డు ముందు లాయర్‌తో వాదించుకునే హక్కు మాత్రం లేదు.

వేగానికి వంక పెట్టలేం. చిక్కంతా ఆర్డర్ రాసే చేతిలో ఉంది. ఒకరి గొలుసు పోతే అది శాంతిభద్రతల సమస్య. ఊరంతా భయంతో తలుపులు బిగించుకుంటే అది ప్రజాశాంతి సమస్య. పీడీ యాక్టు రెండోదానికే. ఇది 1965 నుంచి సుప్రీంకోర్టు చెబుతున్న మాటే. అయినా షేర్ల పేరుతో డబ్బు తీసుకుని మోసం చేశాడన్న 5 కేసులు చూపించి ఒకరిని నిర్బంధిస్తే, 2021లో బంకా స్నేహ షీలా కేసులో ఆ ఆర్డర్ కొట్టేశారు. బెయిలు ఇవ్వడం తప్పనిపిస్తే పై కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోండి, దానికి ఇది దారి కాదన్నారు. 2023లో అమీనా బేగం కేసులో తెలంగాణలో ఈ ధోరణి ప్రబలిందని గట్టిగా మందలించారు. 2024లో బోర్డుకూ చురక తగిలింది, అది రబ్బరు స్టాంపు కాకూడదని.

కొట్టేయడానికి దొరికే లోపాలూ దాదాపు ఎప్పుడూ ఒకటే. నెలల నాటి పాత కేసులు చూపించడం, బెయిలు షరతులను చూడకుండానే ఆర్డర్ రాయడం, డిటెన్యూకు రాని భాషలోనో చదవడానికి వీల్లేని జిరాక్సుల్లోనో కాగితాలు ఇవ్వడం, అతను పెట్టుకున్న అర్జీని పక్కన పడేయడం. ఇవన్నీ ఆఫీసులో రెండు గంటలు కూర్చుని సరిచేసుకోగలిగినవే. చేయకపోవడం వల్ల నిజంగా ప్రమాదకరమైనవాడూ హైకోర్టు నుంచి దర్జాగా బయటికి వస్తున్నాడు. నష్టపోయేది మళ్లీ ఆ కాలనీవాళ్లే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2003లో చేసుకున్న చట్టం ఇంకా కఠినం. తీవ్రమైన లైంగిక నేరస్థుణ్ని శిక్ష పూర్తయ్యాక కూడా, గరిష్ఠ గడువంటూ లేకుండా ఉంచవచ్చు. అంతు లేకుండా ఉంచడం నాకు మింగుడుపడదు. కానీ అక్కడ నిర్ణయం ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిది, ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా పరీక్షించి నివేదికలిస్తారు, కోర్టు మళ్లీ మళ్లీ సమీక్షిస్తుంది, నిఘా షరతులతో బయటికి పంపే దారీ ఉంది. మనకు తీసుకోదగ్గది ఆ పద్ధతి. ముందు బెయిలు రద్దుకు ప్రయత్నించారా అన్న ప్రశ్నకు ప్రతి ఆర్డర్‌లోనూ రాతపూర్వక జవాబు ఉండాలన్న ఒక్క నియమం పెట్టినా నా రేటింగు 3కి చేరుతుంది.

మీ ఇంటివాళ్ల మీదే ఆర్డర్ వస్తే, కాగితాలు అందిన తేదీ ముందు రాసి పెట్టుకోండి. ఆర్డర్ ఇచ్చిన అధికారికీ ప్రభుత్వానికీ బోర్డుకూ విడివిడిగా అర్జీలు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని కోరే పిటిషన్) వేసినప్పుడు లాయర్ మొదట అడిగేవి ఆ తేదీలే.