హోమా, గార్డియన్‌షిప్పా, దత్తతా? విడిచిపెట్టిన బిడ్డకు ఏది మేలు?

ఏడాదికి ఒకరిద్దరైనా ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను చర్చి వరండాలో పక్కకి పిలిచి అడిగే మాట ఇది. "అక్కా, ఒక బిడ్డను తెచ్చుకుందామనుకుంటున్నాం, కానీ మన క్రైస్తవులకి దత్తత చెల్లదంట కదా?" ఇంకొందరైతే, "తెచ్చుకోవడం ఎందుకులే, ఫలానా హోంలో ఒక పాపకి నెలనెలా డబ్బు కడితే అదీ సేవే కదా?" అంటారు. రెండూ వేరే ప్రశ్నలే గానీ నేను కొలిచే కొలత ఒకటే. ఆ పిల్ల పెద్దదై కడుపుతో ఉంటే పురిటికి ఏ ఇంటికి వెళ్తుంది? మగపిల్లాడైతే వాడి పెళ్లిచూపులకి పక్కన ఎవరు కూర్చుంటారు?

ఈ కొలత నాకు మా నాయనమ్మ వల్ల వచ్చింది. ఆవిడ గుంటూరు వైపు ఒక మిషన్ కాంపౌండ్‌లో పెరిగింది. పాలు తాగే వయసులో ఎవరో గేటు దగ్గర వదిలేసి వెళ్లారట. 1876-78 ధాత కరువు నాటి నుంచీ మన జిల్లాల్లో దిక్కులేని పిల్లల్ని మిషన్లు చేరదీస్తూనే ఉన్నాయి, ఆ వరసలో ఈవిడ ఒకతె. చదువు చెప్పించారు, నర్సు ట్రైనింగ్ ఇప్పించారు, పెళ్లి కూడా వాళ్లే చేశారు. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం ముందు నేర్చింది ఆవిడే, కాబట్టి హోంలను తీసిపారేసే నోరు నాకు లేదు. కానీ ఎనభై దాటినా ఆవిడ కంచం ఒళ్లోకి లాక్కుని గబగబా తినేది. కొంగు ముడిలో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది. కొత్త చీర కొంటే కట్టుకునే ముందు లోపలి అంచు మీద ఎర్రదారంతో 47 అని కుట్టుకునేది, హోంలో ఆవిడ బట్టల నంబరు అది. ఐదుగురు పిల్లల్ని కంది, ఐదు పురుళ్లూ అత్తగారింట్లోనే. క్రిస్మస్‌కి ఊళ్లో ఆడపిల్లలంతా పుట్టింటికి వస్తుంటే ఈవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఆడపడుచులకు అరిసెలు వండేది. ఎవరి మీదా ఫిర్యాదు చేసేది కాదు. మిషన్ అమ్మగారి ఫోటో మాత్రం చనిపోయేదాకా బైబిల్లోనే ఉంచుకుంది.

హోం సంగతి ముందు తేల్చేద్దాం. మన పాస్టర్లు అనాథల గురించి ప్రసంగం చేస్తే జార్జ్ ముల్లర్ రాకుండా పోడు. 1836లో బ్రిస్టల్‌లో మొదలుపెట్టి, ఎవరినీ చందా అడక్కుండా ప్రార్థన మీదే వేల మంది పిల్లల్ని పోషించిన మనిషి, గొప్పవాడే. అది విని విని మనకి విడిచిపెట్టిన బిడ్డ అనగానే ముందు బిల్డింగే గుర్తొస్తుంది, వరసగా మంచాలు, ఒకే రంగు గౌన్లు, క్రిస్మస్‌కి దాతలతో ఫోటో. ఆ ఫోటోలో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారన్న సంగతి మాత్రం దాతలకి ఎవరూ చెప్పరు. తండ్రి పోయి, తల్లి కూలికి పోలేక తెచ్చి దింపిన పిల్లలు వాళ్లు. వాళ్లకి కావలసింది ఇంకో అమ్మ కాదు కదా, ఆ తల్లికి నెలకింత ఆసరా కావాలి. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసులో అప్లై చేయాలి. మీరు హోంకి పంపే డబ్బుకి బదులు ఒక విధవరాలిని ఆ ఆఫీసుకి మూడు సార్లు వెంటబెట్టుకుని తీసుకెళ్లండి, ఆ బిడ్డ తన ఇంట్లోనే ఉంటుంది. నిజంగా ఎవరూ లేని బిడ్డ సంగతైతే హోం తాత్కాలికంగానే ఉండాలి. పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ కాని హోంకైతే రూపాయి కూడా ఇవ్వకండి, రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటే నొచ్చుకునేవాళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇక "క్రైస్తవులకి దత్తత చెల్లదు" అనే మాట. ఒకప్పుడు అది నిజమే, అందుకే ఇంకా తిరుగుతోంది. 1956 నాటి దత్తత చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే. మనకి మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డను పెంచుకోవచ్చు, కానీ కాగితం మీద మీరు సంరక్షకులే, తల్లిదండ్రులు కారు. పద్దెనిమిది నిండగానే ఆ బంధం కూడా చట్టం దృష్టిలో తెగిపోతుంది. మా బాబాయి 90ల్లో ఒక పిల్లాడిని ఇలాగే తెచ్చుకున్నాడు. ఇంటిపేరు పెట్టాడు, బాప్తిస్మం ఇప్పించాడు, కొడుకులాగే పెంచాడు, వీలునామా ఒక్కటి రాయలేదు. బాబాయి పోయాక పెద్దకర్మ కూడా కాకముందే ఎకరంన్నర పొలం కోసం సొంతవాళ్లే "వాడెవరు?" అన్నారు. పౌలు రోమా పత్రికలో మనం దత్తపుత్రాత్మ పొందాం అని రాసి, రెండు వచనాల తర్వాత పిల్లలమైతే వారసులం కూడా అంటాడు. ఆ వచనాలు కంఠతా వచ్చినవాళ్లే ఆ రోజు పంచాయితీలో కూర్చున్నారు.

మారింది 2000లలో. జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో వచ్చిన సవరణ, మతంతో పని లేకుండా ఎవరైనా దత్తత తీసుకోవచ్చన్నాయి. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. 2015 చట్టంలో అయితే ఇంకా స్పష్టం, దత్తత ఆర్డర్ వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా మీ బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. కాబట్టి ఇవాళ కొత్తగా గార్డియన్‌షిప్ గురించి ఎవరైనా సలహా ఇస్తే వాళ్లు ముప్పై ఏళ్ల నాటి సలహా ఇస్తున్నారని అర్థం. ఇంకో మాట, మనలో చాలామంది సర్టిఫికెట్ మీద హిందువులు, ఆదివారం చర్చిలో. ఏ చట్టం కింద వెళ్లాలి అని గుసగుసగా అడుగుతారు. ఈ దారిలో మతం కాలమ్ మీకు అడ్డురాదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

అడ్డదారి ఒకటుంది, దాన్ని కూడా పోల్చమంటారు కొందరు. ఫలానా ఆర్‌ఎంపీకి తెలిసిన అమ్మాయి ఉంది, పెళ్లికాకుండా కడుపు, డెలివరీ ఖర్చులు పెట్టుకుంటే బిడ్డను చేతిలో పెడతారు, బర్త్ సర్టిఫికెట్ మీ పేరు మీదే చేయిస్తారు. "దేవుడే చూపించాడు అక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పినవాళ్లున్నారు. పద్ధతి తప్పి బిడ్డను తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, కొనుగోలు అని తేలితే ఐదేళ్ల దాకా. జైలు సంగతి పక్కన పెట్టినా, ఆ తల్లి నిజంగా ఇచ్చిందో, ఎవరైనా లాక్కున్నారో మీకు ఎప్పటికీ తెలియదు. 1999, 2001లలో మన ఉమ్మడి రాష్ట్రంలోనే తండాల్లో లంబాడా ఆడపిల్లల్ని వందలకీ వేలకీ కొని విదేశీ దత్తతకు పంపిన వ్యవహారం బయటపడింది. అప్పుడూ ఆ కాగితాలు పైకి పద్ధతిగానే కనిపించాయి.

ఫాస్టర్ కేర్, అంటే బిడ్డను కొంతకాలం మీ ఇంట్లో ఉంచుకుని పెంచడం, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మన వైపు ఇది ఇంకా పెద్దగా అలవాటు కాలేదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు, సొంతవాళ్లు ఉన్నా పెంచలేని స్థితిలో ఉన్నవాళ్లకు, దత్తతకు ఎవరూ ముందుకు రాని పెద్ద పిల్లలకు ఇది మంచి దారే. 2024 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచాక దత్తతకు కూడా అడగవచ్చు, అంతకుముందు ఐదేళ్లు ఉండేది. బిడ్డ తిరిగి వెళ్లిపోవచ్చన్న ఊహ తట్టుకోగలిగితేనే దిగండి. నాకైతే ఆ గుండె లేదు.

ఇక చట్టబద్ధమైన దత్తత. కేంద్ర దత్తత సంస్థ కారా వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అవుతారు, సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి మీ పరిస్థితులు చూసి హోం స్టడీ అనే రిపోర్టు రాస్తారు, తర్వాత వరస. ఫీజు వేలల్లో ఉంటుంది, లక్షలు అడిగారంటే మోసం. మరి ఇంత ఆలస్యం ఎందుకంటే, శిశుగృహలో ఉన్న ప్రతి బిడ్డా దత్తతకు సిద్ధంగా ఉన్నట్టు కాదు. దొరికిన బిడ్డ ఫోటో పేపర్లో వేస్తారు, జిల్లా పేజీలో మూల మీరూ చూసే ఉంటారు, "ఈ ఫోటోలోని పాప సంబంధీకులు ఎవరైనా ఉంటే" అని. రెండేళ్ల లోపు బిడ్డకు రెండు నెలలు, పైబడితే నాలుగు నెలలు ఎదురుచూసి అప్పుడు బాలల సంక్షేమ కమిటీ ప్రకటిస్తుంది. తల్లే వచ్చి అప్పగిస్తే ఆమె మనసు మార్చుకోవడానికి అరవై రోజులు. నాకు ఆ అరవై రోజుల నిబంధన అంటే గౌరవం. మనకి తొందర ఉంటుంది, ఆ తల్లికి కూడా ఒక అవకాశం ఉండాలి.

ఇక్కడ ఇంకో పోలిక ఉంది, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది. పసిబిడ్డా, పెద్ద బిడ్డా? రెండేళ్ల లోపు ఆరోగ్యమైన బిడ్డ కావాలంటే మూడేళ్లు దాటి ఎదురుచూడాలి, దంపతుల వయసులు కలిపి 85 మించకూడదు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకైతే 100 దాకా, వరస కూడా చిన్నది. మేం 2017లో పసిబిడ్డకే పెట్టాం. రెండేళ్లు ఫోన్ మోగినప్పుడల్లా గుండె దడ. చివరికి మా ఆయనే వయసు మార్చేద్దాం అన్నాడు, 2019లో ఐదున్నరేళ్ల పిల్ల మా ఇంటికి వచ్చింది.

వచ్చిన మొదటి రోజే నన్ను అమ్మా అంది. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. వారం తర్వాత అర్థమైంది, శిశుగృహలో ఆయమ్మలందరూ అమ్మలే, డ్యూటీ మారితే అమ్మ మారుతుంది. పక్కింటావిడనీ అమ్మా అనేది, కూరగాయలావిడనీ అమ్మా అనేది. రెండో రాత్రి దుప్పటి దులిపితే దిండు కింద సగం చపాతీ, నలిగిన అరటిపండు ముక్క. తీసి పారేయబోయి ఆగాను, నాయనమ్మ కొంగు ముడి గుర్తొచ్చింది. మర్నాటి నుంచి దాని మంచం పక్కన ఒక డబ్బా పెట్టి అందులో మూడు బిస్కెట్లు వేసేదాన్ని. ఏడాది పైన పట్టింది ఆ డబ్బాని మర్చిపోవడానికి. ఎనిమిదో నెలలో హోంవర్క్ దగ్గర గొడవై, పలక విసిరికొట్టి, "నువ్వు మా అమ్మవి కాదు" అని అరిచింది. మా అత్తయ్య నొచ్చుకుంది. నాకు మాత్రం ఆ మాటకి అప్పటికి ఒక అర్థం ఏర్పడిందనిపించింది, ఎందుకంటే ఆ రాత్రి నుంచి పక్కింటావిడ ఆంటీ అయింది.

కష్టం లేదని చెప్పను. పెద్ద పిల్లలు మనల్ని పరీక్షిస్తారు, నెలల తరబడి. తట్టుకోలేక వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు, ఆ బిడ్డ రెండోసారి విడిచిపెట్టబడినట్టే. ప్రార్థన చేస్తే అన్నీ సర్దుకుంటాయి అనుకుని వెళ్లకండి, పిల్లల కౌన్సెలర్ నంబరు కూడా చేతిలో ఉంచుకోండి. మాకు రెండూ పనికొచ్చాయి.

చర్చి సంగతి ఒకటి చెప్పాలి. తెచ్చిన నెలకే పాపను స్టేజీ మీదకి తీసుకొచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. "చెత్తకుండీ నుంచి దేవుని మందిరానికి" అని టైటిల్ కూడా ఆలోచించి పెట్టారు. నేను కుదరదన్నాను. దానికి అయిన గాయం నేను మైకులో చెప్పే కథ కాదు, పెద్దయ్యాక అదే చెప్పుకుంటే దాని ఇష్టం. చర్చివాళ్లు కొంతకాలం నాతో సరిగా మాట్లాడలేదు. ఇంకొకావిడ మెల్లగా "ఏ కులం పిల్లో తెలిసిందా?" అని అడిగింది, ప్రభువు బల్ల తీసుకున్న చేతులు ఇంకా తుడుచుకోకుండానే. అదే చర్చిలో ఒక ముసలి సంఘపెద్ద మాత్రం ప్రతి ఆదివారం జేబులో చాక్లెట్ తెచ్చేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. మా పాపకి దేవుడంటే మొదట తెలిసింది ఆయన జేబే.

పాపకి అన్నీ చెప్పే పెంచుతున్నాం. దాచాలా చెప్పాలా అని అడిగేవాళ్లకి మోషే కథ చదవమంటాను, ఫరో కూతురి ఇంట్లో పెరిగినా తను ఎవరో అతనికి తెలుసు. ఇప్పుడు పన్నెండేళ్లు దానికి. మొన్న క్రిస్మస్‌కి మా ఆడపడుచు కూతురు కడుపుతో పుట్టింటికి వస్తే, పక్కన కూర్చుని గాజులు సర్దుతూ, "నేనూ ఇక్కడికే రావాలా, లేకపోతే నువ్వే వస్తావా?" అని అడిగింది. ఎసట్లో బియ్యం పోస్తూ "నువ్వే రావాలి, నాకు అప్పటికి మోకాళ్లు ఉండవు" అన్నాను.

సరే, దత్తతకే వెళ్దాం అనుకున్నవాళ్లకి ఒక్క పని. మనలో చాలామంది పెళ్లిళ్లు లైసెన్సు లేని పాస్టర్లు చేసినవే, చర్చి ఇచ్చిన రంగు కాగితం ఫ్రేము కట్టించుకుని గోడకి పెట్టుకున్నాం, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మంది అక్కడే ఆగిపోయారు. వెబ్‌సైట్ తెరవకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి మ్యారేజ్ సర్టిఫికెట్ తీయించుకోండి.