ఎంవీపీ కాలనీ రైతు బజార్: కూర చేత్తో చూసి కొనేవాళ్ల కోసం

వైజాగ్‌లో కూరగాయలకి నా ఓటు ఎంవీపీ రైతు బజార్‌కే. 1999లో రాష్ట్రంలో రైతు బజార్లు మొదలైనప్పుడు రైతు నేరుగా అమ్మాలి, మధ్యలో దళారీ ఉండకూడదు అనుకున్నారు, ధర రోజూ బోర్డు మీద రాస్తారు కాబట్టి బేరం టెన్షన్ లేదు. కానీ జనం ఇక్కడికి వచ్చేది ధర కోసం ఒక్కటే కాదండీ. బెండకాయ కొస విరిచి చూస్తారు, టక్కున విరిగితేనే సంచిలోకి. ఆనపకాయకి గోరు గుచ్చితే లోపలికి దిగాలి, వంకాయ ముచ్చిక పచ్చగా ఉండాలి. ఒక యాప్‌లో తెప్పించిన బెండకాయలు సగం ముదురే వచ్చాయి, ఫోన్‌లో ఫోటో చూసి లేతదనం ఎలా తెలుస్తుంది చెప్పండి!

కార్తీకమాసంలో చాలా ఇళ్లలో నీచు మానేస్తారు కదా, అప్పుడు కూరలకి గిరాకీ బాగా పెరుగుతుంది, ఆ రోజుల్లో పొద్దున్నే వెళ్లాలి. ఏజెన్సీ (మన్యం కొండ ప్రాంతాల) సీతాఫలాలు వచ్చేదీ ఇంచుమించు ఆ సీజన్‌లోనే, కళ్లు విచ్చుకున్న కాయలు ఏరుకుని బియ్యం డబ్బాలో పెడితే చక్కగా పండుతాయి. ఆకుకూరలు మాత్రం ఎండెక్కాక కొనకండి, వాడిపోతాయి. చిల్లర, గుడ్డసంచి తీసుకెళ్లండి.