సెలవు రూల్ మెషీన్‌కి చెప్పాలంటే లాజిక్ మేలా, కట్టుబాటున్న మామూలు భాష మేలా?

"శని, ఆదివారాల్లో పనిచేసినవాళ్లకు ఒక కాంప్ ఆఫ్ (బదులు సెలవు)." బెంగళూరులో, మారతహళ్లి దగ్గర మా ఆఫీసు సెలవుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాల్సిన రూల్, తెలుగులో చెప్పుకుంటే ఇంతే. శనివారం ఒక్కటే వచ్చినవాడికి సెలవు ఉందా? రెండు రోజులూ వస్తే ఒకటా, రెండా? "అన్నా, ఏఐకి ఇచ్చేద్దాం, అదే చూసుకుంటుంది" అన్నాడు మా టీంలో గుంటూరు తమ్ముడు. ఇచ్చాం. ఒకసారి ఉందంది, ప్రశ్న కాస్త మార్చి అడిగితే లేదంది. జనం సెలవులు, జీతాలు ముడిపడ్డ చోట ఆ దారి వద్దన్నాను.

ఇక మిగిలినవి రెండు. మొదటిది నేరుగా లాజిక్‌లో, అంటే ఒక్కో గుర్తుకు ఒక్కటే అర్థం ఉండే లెక్కల్లాంటి భాషలో రాసుకోవడం. "అందరూ", "ఎవరో ఒకరు" లాంటి మాటలకు జర్మన్ తర్కవేత్త ఫ్రేగె 1879లోనే గుర్తులు కట్టాడు. దాని విలువ తెలుగులో ఇట్టే తెలుస్తుంది. "అందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? "కాదు" గుర్తు "అందరూ" గుర్తుకి ముందుంటే కొందరైనా రాలేదని, వెనకుంటే అసలెవరూ రాలేదని. ఏదో ఒకటి తేల్చుకోకుండా ఆ వాక్యం రాయడమే కుదరదు. మేము, మనం అని వేరుచేసి చెప్పగలిగిన మన భాషే ఇక్కడ తడబడుతుంది మరి. పైగా రాసిన రూల్స్‌ని జెడ్‌3 లాంటి సాల్వర్‌కి, అంటే రూల్స్ ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో తేల్చే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, ఒకదానికొకటి అడ్డుపడేవాటిని పట్టిస్తుంది. బ్రిటన్ పౌరసత్వ చట్టాన్నే 1986లో లాజిక్ ప్రోగ్రామ్‌గా రాసి చూపించారు.

చిక్కల్లా, రూల్ పెట్టిన హెచ్‌ఆర్ మేడమ్‌కి ఆ గుర్తులు అర్థం కావు. నేను పొరపాటుగా రాస్తే మెషీన్ ఆ పొరపాటునే తు.చ. తప్పకుండా అమలు చేస్తుంది.

రెండోది కట్టుబాటున్న భాష, అంటే ఇలాగే రాయాలని నియమాలు పెట్టిన మామూలు భాష. జ్యూరిక్ యూనివర్సిటీలో 1995లో మొదలైన అటెంప్టో ఇలాంటిదే. చూడ్డానికి మామూలు ఇంగ్లిషే, కానీ ఏ వాక్యానికైనా ఒక్క అర్థమే తీసుకుంటుంది, లాజిక్‌లోకి తనే మార్చుకుంటుంది. చదవడం తేలిక, రాయడం మాత్రం కష్టం: హద్దు దాటిన వాక్యాన్ని ఒప్పుకోదు.

నా ఓటు రెండోదానికే. లాజిక్ లోపల ఉండి తనిఖీ చేయాలి, పైకి కనిపించేది మాత్రం రూల్ పెట్టినవాళ్లు చదవగలిగే వాక్యం కావాలి. ఆ పద్ధతిలోనే మా రూల్ తిరగరాశాను: "శనివారం గానీ ఆదివారం గానీ పనిచేస్తే, పనిచేసిన ఒక్కో రోజుకు ఒక్కో కాంప్ ఆఫ్." మేడమ్ చదివి వెంటనే, "అయ్యో, నేనన్నది అది కాదండీ. రెండు రోజులూ వస్తేనే, అదీ ఒక్కటే" అన్నారు.