ఇసుక లారీల వెనుక ఎనిమిది నెలలు: హార్డ్ కోటింగ్ ఉన్న హెల్మెట్ అద్దం

కృష్ణ కరకట్ట మీద రోజూ మోటారు సైకిల్‌పై వెళ్లి వచ్చే నాకు ఇసుక లారీల వెనుక ప్రయాణం తప్పదు. హెల్మెట్‌తో వచ్చిన మామూలు అద్దం ఆరు నెలలకే మసకబారడంతో, అదే కంపెనీ అమ్ముతున్న హార్డ్ కోటింగ్ అద్దాన్ని విజయవాడలో 750 రూపాయలకు కొన్నాను. మామూలుది 300కే వస్తుంది. ఇసుక దారుల్లో తిరిగేవారికి ఆ అదనపు ఖర్చు దండగ కాదని ఎనిమిది నెలలు వాడాక చెప్పగలను. ఊళ్లో నెమ్మదిగా తిరిగేవారికి మాత్రం అవసరం లేదు.

రెండూ పాలికార్బొనేట్ అద్దాలే. రాయి తగిలినా పగిలిపోకుండా తట్టుకోవడం ఈ ప్లాస్టిక్ బలం, పైభాగం మెత్తగా ఉండడం బలహీనత. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7, అంటే మామూలు గాజుకంటే కూడా ఎక్కువ. పైగా రేణువు తగిలే వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. ఒక్కో దెబ్బకు పడే గుంట కంటికి ఆనదు కానీ, అవి వేలకొద్దీ చేరాక వెలుతురు తిన్నగా రాక చెదిరిపోతుంది. అందుకే పగలు బాగానే ఉన్నట్టు తోచిన పాత అద్దం, రాత్రి ఎదుటి బండి హెడ్‌లైటు పడగానే పాలు పూసినట్టు తెల్లబడేది.

రెండింటినీ పక్కపక్కన పెడితే అరిగిన తీరులో తేడా తెలుస్తుంది. మెత్తని ప్లాస్టిక్‌ను ఏటవాలుగా తగిలే రేణువు చెక్కుకుంటూ పోతుంది కనుక మామూలు అద్దం పక్క వంపుల్లో ఎక్కువ అరిగింది. కోటింగ్ గట్టిదే అయినా పెళుసు. ఏటవాలు దెబ్బను ఓర్చుకుంటుంది, ఎదురు దెబ్బకు చిట్లుతుంది. ఫలితంగా కొత్త అద్దం పక్కలు దాదాపు చెక్కుచెదరలేదు, చుక్కలు మాత్రం నడిమధ్యన, సరిగ్గా కళ్లకు ఎదురుగా పడ్డాయి. (ఇది తారుమారై ఉంటే ఎంత బాగుండేదో!) అయినా రాత్రి చూపుకు ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

పెట్టె మీద ‘గీతలు పడవు’ అని అచ్చువేయడమే నాకు నచ్చలేదు, ఎందుకంటే కోటింగ్ అరుగుదలను ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. అయితే ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద గీత ఇసుక లారీది కాదు, మొదటి వారంలో నేనే దుమ్ము దులపకుండా చొక్కా అంచుతో తుడిచి తెచ్చుకున్నది. అప్పటినుంచి ముందు నీళ్లు ధారగా పోసి, ఇసుక కారిపోయాకే సబ్బు నురగతో కడుగుతున్నాను. పెట్రోలు, థిన్నర్ తగిలితే పాలికార్బొనేట్‌కు పగుళ్లు వస్తాయి కనుక వాటి జోలికి పోను.